ప్రతి ఇన్నింగ్స్‌కీ మొదటివాడు

నాలుగేళ్ళ కిందట ఫిబ్రవరి రెండో వారంలో నన్ను ఆరు వారాల డ్యూటీ మీద అరిజోనాలో మా బేస్‌బాల్ క్లబ్ శిక్షణ శిబిరానికి పంపారు. క్లబ్ పేరు రాయను. రిటైరయ్యేటప్పుడు ఇలాంటివి బయటపెట్టనని సంతకం చేశాను. అదీగాక, నా మీద కోపం చల్లారనివాళ్ళు అక్కడ ఇంకా ఒకరిద్దరు ఉన్నారు.

అప్పటికి నా హోదా సీనియర్ అనలిస్ట్. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల బేరింగులు చేసే కంపెనీలో, క్వాలిటీ విభాగంలో లెక్కలు చూశాను. ఏ బేరింగు ఎప్పుడు అరిగిపోతుందో చెప్పగలిగిన మనిషి ఏ ఆటగాడు ఎప్పుడు అరిగిపోతాడో చెప్పలేదా అని క్లబ్‌వాళ్ళు నన్ను తీసుకున్నారు. చెప్పగలిగాను. విన్నవాళ్ళు తక్కువ.

ఈ ఉద్యోగంలో ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో ముందు తెలుసుకోవాలి. జట్టులో ఎవరుండాలో తేల్చేవాడు జనరల్ మేనేజర్. ఉన్నవాళ్ళలో ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్ చేయాలో తేల్చేవాడు మేనేజర్, అంటే మైదానంలో పెద్ద. మా జనరల్ మేనేజర్ పేరు పాల్. నలభై ఏళ్ళవాడు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. మేనేజర్ పేరు బడ్. అరవై నాలుగేళ్ళవాడు, ఎప్పుడూ దుమ్ము. ఇద్దరూ ఒకరినొకరు చాలా గౌరవించుకునేవాళ్ళు, అందుకే మాట్లాడుకోవాల్సి వస్తే మధ్యలో మాలాంటివాళ్ళని పంపేవాళ్ళు.

ఇంకొకరిని కూడా చెప్పాలి. అనన్య మా క్లబ్ లాయరు, కాంట్రాక్టులూ నిబంధనలూ ఆమె పని. మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. చేరిన రోజే నన్ను ఆంటీ అంది. నెల తిరిగేసరికి ఆఫీసంతా అదే పిలుపు. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడైన బడ్ కూడా నన్ను ఆంటీ అనడం మొదలుపెట్టాడు. అది నాకొచ్చిన ప్రమోషన్ అనుకుని ఊరుకున్నాను, వేరే ప్రమోషన్ ఎలాగూ రాలేదు.

ఇక ఆ ఏడాది సమస్య. సీజన్ మొదలయ్యే రోజుకి జట్టులో ఇరవై ఆరుగురే ఉండాలి. అందులో బౌలింగ్ చేసే పిచర్లకి పదమూడు జాగాలు పోతే, మైదానం వెనక భాగాన్ని కాసే అవుట్‌ఫీల్డర్లకి మిగిలేవి ఐదు. నలుగురు ఖాయమైపోయారు. ఎడమ పక్క కాసేవాడి జాగా ఒక్కటి ఖాళీ. ఆ జాగాలో ఉన్నవాడే కిందటేడు వరసలో మొదట బ్యాటింగ్ చేసేవాడు, అతను వేరే క్లబ్‌కి వెళ్ళిపోయాడు. దాంతో లీడాఫ్, అంటే మన ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ లాంటి జాగా కూడా ఖాళీ అయింది. రెండు కుర్చీలు, ఒక్క మనిషి కావాలి. పోటీలో ఇద్దరున్నారు.

ఒకడు డెరిక్. ఇరవై మూడేళ్ళు. పరుగెత్తితే చూసేవాళ్ళ మెడ నొప్పి పుట్టేది. రెండోవాడు రమోన్. ముప్పై ఒకటి. నడుం దగ్గర కాస్త మందం, పరుగు ఎద్దుబండి. కానీ అతని కళ్ళు వేరు. కొట్టే పరిధి దాటి పక్కకి పోయే చెడ్డ బంతికి బ్యాట్ ఊపేవాడు కాదు. ఈ ఆటలో పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ ఊరికే నడుచుకుంటూ మొదటి బేస్‌కి, అంటే పరుగుదారిలో మొదటి మజిలీకి, వెళ్ళొచ్చు, దాన్నే వాక్ అంటారు. రమోన్ అలా నడిచి వెళ్ళడంలో మొనగాడు. మొదటి బ్యాటర్ పని బేస్ మీద నిలబడడం. అక్కడికి పరుగెత్తి వెళ్ళాడా నడిచి వెళ్ళాడా అని స్కోరుబోర్డు అడగదు. ఇది నేను బడ్‌కి మూడు రిపోర్టుల్లో రాశాను. మూడోదాన్ని ఆయన మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టాడు. లీడాఫ్ అంటే కాళ్ళు, అంతే, అనేవాడు.

పాల్ ఆలోచన ఇంకా లోతైనది. దానికి ఒక నిబంధన తెలియాలి. కుర్రాళ్ళని మూడు సీజన్ల పాటు క్లబ్ తన ఇష్టప్రకారం కింది లీగుకి పంపొచ్చు, తిరిగి పిలవొచ్చు. దాన్ని ఆప్షన్ అంటారు. డెరిక్‌కి ఇంకా రెండు మిగిలి ఉన్నాయి. రమోన్‌కి అన్నీ అయిపోయాయి. అలాంటివాడిని కిందికి పంపాలంటే ముందు వేవర్స్ మీద పెట్టాలి, అంటే రెండు రోజులపాటు మిగతా క్లబ్‌లన్నిటినీ మీకు కావాలా అని అడగాలి. ఎవరూ అడగకపోతేనే మనవాడు. కాబట్టి పాల్ పథకం ఇది. రమోన్‌ని శిబిరంలో ఎవరి కంటా పడకుండా ఒక మూల ఉంచాలి. మార్చి ఆఖర్లో, అన్ని క్లబ్‌లూ తమ గొడవల్లో ఉన్నప్పుడు, చప్పుడు లేకుండా వేవర్స్ దాటించాలి. కింది లీగులో దాచుకోవాలి. డెరిక్ పొరపాటున చేతులెత్తేస్తే అప్పుడు బయటికి తీయాలి. క్లబ్‌లన్నీ చేసే పనే ఇది, తప్పేమీ లేదు.

నాకు తెలిసి పాల్‌కి తెలియని సంగతి ఒకటుంది. నా గదికి వచ్చి, నేను అసలు ఎన్ని చెడ్డ బంతులకి ఊపుతున్నానో చూపించండి అని అడిగిన ఆటగాడు ఆ శిబిరం మొత్తంలో రమోన్ ఒక్కడే. గ్రాఫ్ చూపించాను. చాలాసేపు చూసి, ఈసారి కిందికి పంపితే ఇక ఆడనని చెప్పాడు. పదేళ్ళుగా కింది లీగు బస్సుల్లో తిరుగుతున్నాడట. బావమరిదికి టైల్స్ వేసే పని ఉంది, ఏప్రిల్ నుంచి రమ్మన్నాడట. ఇదేమీ ఏడుస్తూ చెప్పలేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు బాధేసింది.

ఈ మాట నేను పాల్‌కి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే, వెళ్ళేవాడిని ఆపడమెందుకని ఇంకా ముందే వదిలేస్తాడని భయపడ్డాను. నాకు నేను చెప్పుకున్న కారణం అదీ. అసలు కారణం, నా బుర్రలో అప్పటికే ఒక తుంటరి ఆలోచన ఉంది.

శిబిరంలో పెద్ద స్టేడియం వెనక నాలుగు ఖాళీ మైదానాలుంటాయి. అక్కడ జట్టువాళ్ళు రెండుగా విడిపోయి తమలో తామే ఆడుకుంటారు. స్కోరు ఎవరూ రాయరు. బయటివాళ్ళకి వింతగా ఉండే పద్ధతులు అక్కడ రెండున్నాయి. పిచర్‌కి ఇన్నింగ్స్‌కి ఇన్ని బంతులని ముందే లెక్క ఉంటుంది, అవి అయిపోతే ఎవరూ అవుట్ కాకపోయినా ఇన్నింగ్స్ మడిచేస్తారు. రెండోది, ప్రాక్టీసు కావలసిన బ్యాటర్ వరసతో పని లేకుండా ప్రతి ఇన్నింగ్స్‌లోనూ మొదట దిగొచ్చు. అందుకు ముందురోజు సాయంత్రం ఒక అట్టకి బిగించిన ఫారంలో రాస్తే చాలు.

మార్చి మూడో వారంలో మా పెద్ద పిచర్ ఆ వెనక మైదానంలో నాలుగు ఇన్నింగ్స్ వేస్తాడని తెలిసింది. ఇన్నింగ్స్‌కి పదిహేను బంతులు. అతన్ని చూడడానికి బడ్ తప్పకుండా వస్తాడు. నేను ఫారంలో రమోన్ పేరు రాసి, పక్కన ‘ప్రతి ఇన్నింగ్స్‌కీ మొదట’ అని చేర్చాను. కారణం అనే గడిలో ‘టైమింగ్ కోసం’ అని రాశాను. కింద నా పొడి అక్షరాలు వేశాను. దొంగతనం చేసినా సంతకం పెట్టి చేయడం బేరింగుల కంపెనీలో అలవాటైపోయింది.

మర్నాడు పదింటికి ఆట మొదలైంది. రమోన్ దిగాడు. మంచి బంతులని పక్కకి తోసేశాడు, చెడ్డవాటిని వదిలేశాడు, తొమ్మిదో బంతికి నడిచి బేస్‌కి వెళ్ళాడు. తర్వాత ఇద్దరు దిగేసరికి పదిహేను పూర్తయ్యాయి, ఇన్నింగ్స్ మడిచేశారు. రెండో ఇన్నింగ్స్‌కి మళ్ళీ రమోన్. ఎనిమిది బంతులు, మళ్ళీ నడక. మూడో ఇన్నింగ్స్‌లో కూడా అతనే కనబడేసరికి పిచర్ గ్లవ్‌ని తొడకేసి కొట్టుకున్నాడు. ఏడాదికి కోట్లు తీసుకునే మనిషి, సంతలో బేరమాడే ముసలమ్మకి దొరికిన బట్టల కొట్టువాడిలా అయిపోయాడు. ఈసారి పది బంతులు. నాలుగోసారి రమోన్ బంతిని ఎడమ పక్క గోడకి తగిలేలా కొట్టి, ఎవరైనా రెండో బేస్‌కి చేరే దెబ్బకి తాను మొదటి బేస్ దగ్గరే ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

బడ్ కుర్చీ నుంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. వీణ్ణి ప్రతిసారీ మొదట పంపిన వెధవ ఎవడని అడిగాడు. ఆంటీ అన్నాను. ఆయన కాసేపు గొణిగి, నా పిచర్‌ని ఇంత ఏడిపించినవాడు పక్కవాళ్ళ పిచర్లని కూడా ఏడిపిస్తాడు కదా అన్నాడు. ఆ మాటే నేను మూడు రిపోర్టుల్లో రాశానని గుర్తుచేయలేదు. ఇప్పుడది ఆయన సొంత ఆలోచన, అలాగే ఉండనివ్వడం మంచిది.

నేను విజయగర్వంతో ఆఫీసుకి వచ్చేసరికి అనన్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఆంటీ, రమోన్‌ని ప్రతి ఇన్నింగ్ లీడాఫ్ చేయించింది మీరేనా?”

“నేనే. బడ్ మనసు మారిపోయింది, తెలుసా?”

“ఆంటీ, స్టాండ్స్‌లో ఎవరు కూర్చున్నారో చూశారా? అక్కడ స్కౌట్స్ ఉన్నారు. ఆరు క్లబ్స్ వాళ్ళు. మన ఏస్‌ని చూడ్డానికి వచ్చారు, కానీ ఎవర్ని చూసి వెళ్ళారు? రమోన్‌ని! హి ఈజ్ అవుట్ ఆఫ్ ఆప్షన్స్, ఆంటీ. వాణ్ణి హైడ్ చేద్దాం అని పాల్ వన్ మంత్ నుంచి ట్రై చేస్తున్నాడు. మీరు వాణ్ణి షోకేస్‌లో పెట్టి లైట్ వేశారు.”

స్కౌట్‌లంటే పక్క క్లబ్‌ల కోసం ఆటగాళ్ళని కనిపెట్టి తిరిగేవాళ్ళు. వలలు కట్టిన తెర వెనక కుర్చీల్లో ఎవరో ఉన్నారని చూశాను, పింఛనుదార్లు కాలక్షేపానికి వచ్చారనుకున్నాను. బడ్ మొహం చూడడంలో మునిగిపోయి ఇంకెవరి మొహమూ చూడలేదు.

“పాల్‌కి తెలుసా?”

“ఫారం మీద మీ ఇనిషియల్స్ ఉన్నాయి కదా ఆంటీ! ఎవరైనా ఇలాంటి దానికి సైన్ చేస్తారా?” అంది. లాయరుగా ఆమెకి అదే పెద్ద బాధ.

పాల్ సాయంత్రం పిలిచాడు. అరవలేదు. స్కౌట్‌లు ఉన్నారని తెలిసే చేశావా అని అడిగాడు. చూడలేదన్నాను. చూడడమే కదా నీ ఉద్యోగం అన్నాడు. అప్పుడు రమోన్ టైల్స్ పని సంగతి చెప్పాను. పాల్ నుదురు రుద్దుకుని, అది మూడు వారాల కిందట చెప్పాల్సిన సంగతి అన్నాడు. అదీ నిజమే.

ఇక రెండే దారులు. రమోన్‌ని జట్టులో పెట్టుకోవాలి, లేదా వేవర్స్ మీద పెట్టి దేవుడి మీద భారం వేయాలి. బడ్ తనకి రమోనే కావాలన్నాడు. కానీ సీజన్ టికెట్ల ప్రకటనల మీద డెరిక్ పరుగెత్తుతున్న బొమ్మ అప్పటికే ఊరంతా ఎక్కింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు, హోర్డింగ్ మీదికి అసలే పనికిరాదు. పాల్ దేవుడి దారే ఎంచుకున్నాడు. ఒకటి కాదు, మూడు క్లబ్‌లు రమోన్‌ని అడిగాయి. అలాంటప్పుడు కిందటేడు అందరికంటే అడుగున ఉన్నవాళ్ళకి మొదటి హక్కు. ఆ అడుగునున్న క్లబ్ మా డివిజన్‌లోదే, ఏడాదిలో పదమూడుసార్లు మాతో ఆడేది.

రమోన్ సంచి సర్దుకుని వెళ్తూ నా గది ముందు ఆగాడు. అక్కడ ఎడమ పక్క జాగా ఇస్తామన్నారట. నా గ్రాఫ్ కాగితం తీసుకెళ్ళొచ్చా అని అడిగాడు. అది క్లబ్ ఆస్తి, ఇవ్వకూడదు. ఇవ్వలేను అని చెప్పి, కాఫీ తెచ్చుకోవడానికి బయటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అతనూ లేడు, కాగితమూ లేదు. ఆ రోజు నాకు సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది, దాచుకోవడం కష్టమయ్యేంత.

డెరిక్ సంగతి చెప్పాలంటే, ఏప్రిల్‌లో అతను బ్యాటింగ్ చేసిన చోటి నుంచి మా బెంచీకి మహావేగంగా తిరిగివచ్చేవాడు. నెలాఖరుకి ఆప్షన్ వాడి కిందికి పంపారు. కుర్రాడు మంచివాడు, తర్వాత నేర్చుకుని బాగానే ఆడాడు.

పాల్ నాకు వేసిన శిక్ష మే నెలలో వచ్చింది. రమోన్ క్లబ్ మా ఊరికి ఆడడానికి వచ్చేముందు, అతన్ని ఎలా అవుట్ చేయాలో పిచర్ల కోసం రిపోర్టు రాయమన్నాడు. నిజాయితీగా రాశాను. మొదటి బంతి నుంచే సూటిగా వేయండి, చెడ్డ బంతితో మోసం చేయాలని చూడకండి, అతను మోసపోడు. రెండు వాక్యాలు. బడ్ మొదటిసారి నా రిపోర్టుని బల్ల కింద కాకుండా బల్ల మీద పెట్టి చదివాడు. రమోన్ వాళ్ళ జట్టుకి మొదటి బ్యాటర్‌గా దిగి, మా పిచర్ చేత ఎనిమిది బంతులు వేయించి, నడుచుకుంటూ వెళ్ళాడు. నేను పై అంతస్తు గదిలో, పాల్ పక్కనే కూర్చుని ఉన్నాను. చప్పట్లు కొట్టకుండా ఉండడానికి రెండు చేతులూ ఒడిలో పెట్టుకున్నాను. పాల్ నా చేతుల వైపు చూశాడు.

ఆటగాడికి మేలు చేయడం ఒక ఉద్యోగం, క్లబ్‌కి మేలు చేయడం మరో ఉద్యోగం. రెండూ ఒకటేనని శిబిరం మొదటి రోజు ప్రసంగంలో చెబుతారు. చాలా రోజులు ఒకటిగానే నడుస్తాయి కూడా. విడిపోయిన రోజున ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేను ఆ మార్చిలో మొదటిదాని పని చేసి, రెండోదాని జీతం తీసుకున్నాను. అది తప్పు, ఒప్పుకుంటున్నాను. మళ్ళీ ఎవరైనా ఆ ఫారం నా చేతికిస్తే, రాసేముందు ఆ కుర్చీల్లో ఎవరున్నారో ఒకసారి చూస్తాను. చూసి, అదే రాస్తాను.