ఊడిరాని సైలెన్సర్

ఈ ఉదయం మా సూర్యాపేట ఇంట్లో బోరు మోటరు ఆగిపోయింది. మా ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుని, "మా తమ్ముడికి చెప్పనా?" అంది. వద్దని చివ్వెంల నుంచి వేరే మెకానిక్‌ను పిలిపించాను. "ఇంకా అదే పట్టుకొని కూర్చున్నారా?" అంది. అవును, కూర్చున్నాను.

మా అమ్మాయి ఇంటర్ చదివే రోజుల్లో ఎయిర్ రైఫిల్ నేర్చుకుంది. పొద్దున్నే డాబా మీద, ఇసుక నింపిన బియ్యం బస్తాకు కాగితం అంటించి గురి చూసి కొట్టేది. ఆ చప్పుడుకు తనకు బీపీ పెరుగుతోందని పక్కింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరు ఫిర్యాదు చేశాడు. సాక్ష్యంగా మాత్రల డబ్బా కూడా పట్టుకొచ్చాడు. పోటీల్లో వాడనివ్వరు కానీ, గొడవెందుకని ఇంట్లో సాధనకు మాత్రం ఒక సైలెన్సర్ తెప్పించాను. తీరా చూస్తే బ్యారెల్ చివరి మరలు ఒక రకం, దాని మరలు ఇంకో రకం. మధ్యలో అడాప్టర్ ఉండాలి. మిర్యాలగూడలో తెలిసిన లేత్ షాపులో కొలిచి చేయిద్దామనుకున్నాను. బామ్మర్ది పడనివ్వలేదు.

కోదాడలో అతనిది బోరు మోటర్లు దింపే పని. "ఈ మాత్రానికి లేత్ దాకా ఎందుకు బావా? ఇటివ్వండి" అని తన సామాన్లలోంచి ఒక ఇత్తడి ముక్క ఏరాడు. మరలు వదులుగా ఉంటే తెల్ల టేపు చుట్టాడు, పైపులకు పూసే పేస్టు పూశాడు, పైపు పానా పెట్టి బిగించాడు. "మెల్లగా మామా, పోటీకి మళ్ళా తీయాలె" అంది మా అమ్మాయి. "నేనే వచ్చి తీస్తాలేమ్మా" అన్నాడు. జాయింటు ఊడితే మోటరు బోరులో పడి రైతు కొంప మునుగుతుంది. అందుకని ఎన్నటికీ ఊడకుండా బిగించడమే అతను నేర్చిన విద్య. తీయడం అందులో లేదు.

మిర్యాలగూడలో ఎంపిక పోటీలు. ఆ వయసు విభాగంలో మా అమ్మాయికి అదే ఆఖరి అవకాశం. ఆ రోజు పొద్దున్నే అతను చెప్పినట్టే వచ్చాడు, ఇంకా పెద్ద పానాతో. సైలెన్సర్ కదల్లేదు, బ్యారెలే తిరిగింది. అలాగే తీసుకుపోయాం. పోటీలు నడిపే పెద్దమనిషి చూసి, "ఇది ఉంటే షూటింగ్ లైన్‌ల నిలవడనియ్యం బిడ్డా" అన్నాడు. వేరే రైఫిల్ అడిగితే ఎవరూ ఇవ్వలేదు. ఎవరి పిల్లల పోటీ వాళ్లది.

అదైనా ఓర్చుకునేవాణ్ణేమో. ఆ తరువాత పెన్‌పహాడ్‌లో బంధువుల విందులో ఇతగాడు, "పిల్లకు చేతులు వణికినై, లేకుంటే గెలిచేది" అని అందరికీ చెబుతున్నాడు. "గన్ను లైన్ దాకనే పోలేదు, చేతులెప్పుడు వణికినయ్‌రా?" అని అడిగాను. "ఊకో అల్లుడూ, తమాషాకన్నడు" అన్నారు మా మామగారు. పంక్తి మొత్తం నవ్వింది. మజ్జిగ వడ్డిస్తున్న మా అమ్మాయి తలెత్తలేదు. మళ్లీ రైఫిల్ ముట్టనూ లేదు.

ఇప్పుడు ఆ మాట ఎత్తితే, "ఇడిసిపెట్టు నాయినా, మామనే కదా" అంటుంది. ఆమె విడిచిపెట్టింది, నేను విడిచిపెట్టను. ఎంపిక పోటీలు ఏటేటా జరుగుతూనే ఉన్నాయి. ఆమెకు ఆ వయసు మాత్రం ఒక్కసారే వచ్చింది.