మా లేఅవుట్‌లో పార్కు

నౌబాద్‌లో మేం ఇల్లు కట్టుకున్న లేఅవుట్‌లో చట్టప్రకారం పార్కుకు కొంత జాగా వదలాలి. లేఅవుట్ వేసినవాళ్లు ఎవరూ కొనని ఒక గుంటను వదిలారు, ఎర్రరాయి తీసిన గుంట. ఏళ్లు గడిచేసరికి అందులో తంగేడు, రేగు కంపలు పెరిగాయి, కౌజు పిట్టలు చేరాయి. వాటి అరుపులు వింటూ పొద్దున చాయ్ తాగేదాన్ని.

ఈమధ్య ఒకరోజు జేసీబీ వచ్చి కంపలన్నీ పీకసాగింది. ఎందుకని డ్రైవర్‌ను అడిగాను.

"పార్కు చేయాల్నంట అక్కా. సార్లు చూసెటందుకు వస్తుండ్రు. పచ్చగ లేకుంటే ఒప్పుకోరంట."

"ఇప్పుడు పచ్చగనే ఉంది గదా?"

"ఇది అడివి గదక్కా."

ఒళ్లు మండింది. కానీ అతన్ని అని ఏం లాభం?

గుంట పూడ్చి గడ్డి పరిచారు. అధికారులు వచ్చి బాగుందన్నారు. ఇప్పుడక్కడ పిట్టలు రెండే ఉన్నాయి, గేటు మీద పెయింటర్ వేసినవి.