సగం నీళ్ళ పరీక్ష

మా అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేనేమీ తక్కువ తినలేదు గానీ, నా కోపం నాలుగు మాటలంటే చల్లారిపోతుంది. ఆమెది అలా కాదు, పట్టుకుందంటే వదలదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె నీళ్ళ ట్యాంకరు నడుపుతోంది. నేను పక్క సీట్లో కూర్చుంటాను, బండి ఆగినచోట దిగి గొట్టం లాగి తొట్లు నింపుతాను. ఆసుపత్రికి రెండు ట్రిప్పులు, బడికి ఒకటి, కుళాయి రాని వీధులకు ఎన్ని పడితే అన్ని. బండి నేర్పింది బావ. నడుం పాడై ఇక తోలలేనన్న రోజున ఆయన, "ఒక్క నెల నువ్వు లాక్కురావే" అన్నాడు. ఆ నెల ఇంకా అవలేదు.

ఈ ఏడు లైసెన్సు గడువు దగ్గర పడింది. అరవై దాటినవాళ్ళు పెద్ద బళ్ళ లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలంటే మళ్ళీ నడిపి చూపించాలట. సరే, వెళ్ళాం. డాక్టరు కళ్ళూ చెవులూ చూసి మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. పరీక్ష పెట్టే ఆఫీసరుది నా కొడుకంత వయసు. ఆఫీసు కారు చూపించి, "ముందు ఇందులో ఒక చుట్టు తిప్పండమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు.

అక్క చక్కగానే తిప్పింది. ఆగాల్సిన తెల్ల గీత దగ్గరే కొంప మునిగింది. గీత ఇంకా రెండు కార్ల దూరం ఉండగానే ఆపేసింది.

"ఇక్కడెందుకు ఆపారు?" అన్నాడు ఆఫీసరు.

"వెనక నీళ్ళున్నాయి కదా బాబూ, తోస్తాయి" అనేసింది అక్క, అలవాటు కొద్దీ.

ట్యాంకరులో బ్రేకు వేస్తే చక్రాలు ఆగుతాయి గానీ నీళ్ళు ఆగవు. అవి ముందుకొచ్చి బండిని ఇంకో తోపు తోస్తాయి. అందుకే అక్క ముందే బ్రేకు నొక్కుతుంది, నీళ్ళు వచ్చి కొట్టేదాకా కాలు తీయదు. ఇన్నేళ్ళూ అలాగే నొక్కిన కాలు కారెక్కగానే కొత్త పాఠం నేర్చుకుంటుందా?

ఆఫీసరు పకపకా నవ్వాడు. "కారులో నీళ్ళేంటమ్మా!" అంటూ కాగితం మీద 'దూరం అంచనా లేదు' అని రాశాడు. "చిన్న బండికైతే ఎలాగోలా ఇచ్చేస్తాను. హెవీ మాత్రం తీసేస్తున్నా. ఈ వయసులో మీకెందుకు చెప్పండి ఆ తిప్పలు? హాయిగా ఇంట్లో కూర్చోక. ఇక్కడ సంతకం పెట్టండి."

"పెట్టను."

"ఏంటి?"

"సంతకం. పెట్టను. నేను నడిపేది ట్యాంకరు. పరీక్ష అందులో పెట్టండి."

వారం ఆగి రమ్మన్నాడు, రూలట.

ఇంటికి రాగానే బావ కుర్చీలోంచే, "పోనీలేవే, డ్రైవర్ని పెట్టుకుందాం" అన్నాడు.

"పెట్టుకుని నేనేం చెయ్యాలి? నీ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకోనా?"

పాపం, బావ మొహం మాడిపోయింది. అయినా ఆయనే మెల్లిగా అన్నాడు. "ట్యాంకు నిండా పట్టుకెళ్ళు. నిండు కుండ తొణకదు." నిజమే, నిండా ఉంటే నీళ్ళకు కదిలే చోటుండదు. సగమున్నప్పుడే వాటి ఆటంతా.

"సగమే పట్టుకెళ్తా" అంది అక్క.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాను నేను. పట్టిందంది.

ఆ వారమంతా ఆమె ప్రతి ట్రిప్పూ ఇదే ఆఖరన్నట్టు నడిపింది.

ఎనిమిదో రోజు ఆఫీసరు క్యాబినెక్కి నా పక్కన కూర్చున్నాడు. అక్క చుట్టు తిప్పి, గీత ముందు బ్రేకు నొక్కి పట్టింది. వెనక నీళ్ళు దబ్బున వచ్చి కొట్టాయి. బండి జానెడు కదిలి సరిగ్గా గీత మీద నిలిచింది. ఆఫీసరు తల బయటపెట్టి చూసి, "ఇంత నెమ్మదిగా నడిపితే ఎవరైనా ఆపుతారు లెండి" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోపే అక్క తలుపు తీసి కిందికి దిగింది.

"రండి సార్. ఇదే గీత, ఇంతే నెమ్మదిగా. మీరు ఆపండి."

తమ వంతు కోసం నిలబడ్డ డ్రైవర్లంతా ఇటే చూస్తున్నారు. ఎక్కక చస్తాడా? అక్క సీట్లోకి ఎక్కాడు. ఉన్నమాట చెప్పాలి, బాగానే నడిపాడు. గీత దగ్గర బ్రేకు వేశాడు, బండి ఆగింది. చూశావా అన్నట్టు నా వైపు చూసి కాలు వదులు చేశాడు. అప్పుడొచ్చాయి నీళ్ళు. బండి మా ఇద్దర్నీ వేసుకుని గీత దాటి, అవతలున్న రబ్బరు కోనును చక్రం కింద పచ్చడి చేసి గానీ ఆగలేదు. నేను నవ్వలేదు. అబద్ధమెందుకు, నవ్వాను.

అతను ఎవరి మొహమూ చూడకుండా దిగి, రాసింది కొట్టేసి, హెవీ అని రాసి ముద్ర గుద్దాడు. "మూడేళ్ళకే ఇస్తున్నాను. అప్పుడు మళ్ళీ రావాలి."

"వస్తాను. మీరు బదిలీ చేయించుకోకండి" అని సంతకం పెట్టింది అక్క.

తీరా బండి దగ్గరికొచ్చాక మెట్టు మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

"ఏమైందక్కా?"

"దిగేటప్పుడు భయమేసిందే. ఇన్నేళ్ళలో ఆ సీటు ఇంకొకళ్ళకి ఇవ్వలేదు నేను. మళ్ళీ ఎక్కుతానో లేదో అనుకున్నా."

మా అక్క భయపడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. "మరెందుకు దిగావు?"

"దిగకపోతే అతనే దింపేసేవాడు" అంది, సీట్లోకి ఎక్కుతూ.