మంచం తీసిన చోటు

ఈ సంగతి రాసిపెట్టకపోతే, ఆ రేపల్లె ఇల్లు నా సర్దుడు చూసే అమ్ముడైందని మా తెనాలిలో అందరూ అనుకుంటూనే ఉంటారు. అది నిజం కాదు. అందుకే రాస్తున్నాను.

అమ్మకానికి పెట్టిన ఇళ్లలో సామాను సర్దిపెట్టడం నా పని. కాలేజీలో చదివింది కాదు. గ్రంథాలయంలో గృహాలంకరణ బీరువాలో ఉన్నవన్నీ చదివి నేర్చుకున్నాను, కొన్ని రెండేసిసార్లు. నడుమ ఖాళీ ఉంచితే గది పెద్దదిగా కనిపిస్తుందని అలా తెలుసుకున్నదే.

ఆ ఇల్లు బాపట్లలో ఉంటున్న ఒక రిటైర్డ్ టీచరమ్మగారిది. ఆవిడ చెల్లెలు ఏళ్ల తరబడి మంచాన ఉండి, ముందుగదిలోనే పోయింది. సమాధుల తోట నుంచి వచ్చాక టీచరమ్మగారు తాళం వేసి వెళ్లిపోయారు, మళ్లీ గుమ్మం తొక్కలేదు. తాళంచెవి నా చేతిలో పెడుతూ, "ఇది నా దగ్గరున్నన్నాళ్లూ చెల్లి పిలుస్తున్నట్టే ఉంటుందమ్మా. నిద్ర పట్టదు. తొందరగా ఎవరికైనా ఇచ్చేయించు," అన్నారు.

రెండు పక్కల నుంచీ సాయం పట్టడానికి వీలుగా చెల్లెలి నవారు మంచం గది నడుమే ఉండేది. దాన్ని ట్రాలీ ఆటో అన్నతో వెనక వసారాలోకి మోయించాను. ఎర్ర గచ్చు మీద నాలుగు కోళ్ల గుంటలు మిగిలాయి. తెనాలి నుంచి తెచ్చిన సోఫా గోడవారగా, దాని ముందు టీపాయ్, కిటికీ దగ్గర పేము కుర్చీలు. గది నిజంగానే పెద్దదైంది.

మొదట కొల్లిపర నుంచి భార్యాభర్తలు వచ్చారు. గుమ్మం నుంచి నేరుగా వంటింట్లోకి నడవాల్సినవాళ్లు ఎదుటి గోడవారగా చుట్టు తిరిగి వెళ్లారు. వచ్చేటప్పుడూ అంతే. తర్వాత నిజాంపట్నం కుటుంబం కూడా ఒకరి వెనక ఒకరు అలాగే నడిచారు. వాళ్ల పసిపిల్ల పరుగెత్తుకొచ్చి గుంటల దగ్గర ఆగింది, పక్కకు తప్పుకుంది, మళ్లీ పరుగెత్తింది. మంచం సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఇల్లు బాగుందండి అన్నారందరూ. మళ్లీ ఎవరూ ఫోన్ చేయలేదు.

చదివిన పుస్తకాల్లో దీనికి జవాబు లేదు. నేనే ఆ చోట నిలబడి చూద్దామని ఒక ఉదయం వెళ్లాను. టీపాయ్ తుడుస్తూ, కర్టెన్లు సవరిస్తూ గదంతా తిరిగాను. అక్కడ మాత్రం కాలు పెట్టలేదని బయట తాళం వేస్తుంటే తెలిసింది.

మర్నాడు వసారాలోంచి మంచం తెప్పించి, కోళ్లు ఆ గుంటల్లోనే దింపించి, కొత్త దుప్పటి పరిచాను. మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చారు, ఒంటరి మనిషి. వస్తూనే మంచం మీద కూర్చున్నారు. నడుమ కాదు, రోగి పక్కన కూర్చున్నట్టు అంచున. చెయ్యి చాచి కిటికీ వైపు దుప్పటి తడిమారు.

"ఇప్పుడే లేచారేంటమ్మా ఎవరన్నా? వెచ్చగా ఉంది."

ఇంట్లో ఎవరూ లేరండి అన్నాను.

"ఉంటే ఉండనీలే. నాకూ మనిషి అలికిడి కావాలి."

మంచం కూడా ఇస్తేనే ఇల్లు కొంటానన్నారు.

బాపట్ల వెళ్లి చెప్పాను. వెచ్చదనం ఎటువైపని టీచరమ్మగారు అడిగారు. కిటికీ వైపని చెప్పాను. "పక్కన ఎవరన్నా కూర్చుంటే చెల్లి అటు జరిగి చోటిచ్చేది," అన్నారు. ఇల్లు పెద్దావిడదయ్యాక పిలుపు వినిపించడం లేదట, నిద్ర పడుతోందట.

పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు లేకుండానే: మంచాన్ని విసుక్కోకుండా రెండుసార్లు మోసిన ట్రాలీ ఆటో అన్నకు, అడిగినప్పుడల్లా బీరువా తెరిచిన గ్రంథాలయం సార్‌కు, టీచరమ్మగారికి, పెద్దావిడకు నా కృతజ్ఞతలు. కిటికీ వైపు జరిగి చోటిచ్చినావిడకు కూడా.