సూది తండ్రికి, మన్ను బిడ్డకు

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుండగా అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, పాప పోయింది."

అంతే. ఫోన్ పెట్టేసింది.

షట్టర్ సగంలోనే వదిలి బయల్దేరాను. ముందురోజు సాయంత్రం నాలుగు చుక్కల పాలు తాగిందని విన్నాం కదా!

పాప అంటే నా మేనకోడలు శిరీష తొలి బిడ్డ. పుట్టి వారం దాటలేదు. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి పేరు పెడదామనుకున్నాం, కాబట్టి పేరు లేదు. మా వైపు ఇంత చిన్న పిల్లలకు దినాలు చేయరు. పాతిపెట్టి, స్నానం చేసి, మాట్లాడకుండా ఎవరి పనిలో వాళ్ళు పడతారు.

మాట్లాడకుండా ఉండటం నా వల్ల కాదు. శిరీష చదివి సరే అన్న తర్వాతే ఈ పోస్ట్ పెడుతున్నాను.

ముందు పాప గురించి.

పుట్టినప్పుడే పాలిపోయి ఉంది. పొట్ట ఉబ్బి, అరికాళ్ళ తోలు పొరలుగా ఊడుతోంది. ముక్కు మూసుకుపోవడం వల్ల రొమ్ము పట్టగానే ఊపిరి ఆడేది కాదు. వదిలేది. గాలి పీల్చుకొని, కోపంగా మొహం ముడిచి, మళ్ళీ పట్టుకునేది.

"దీని పంతం జూడు! గద్వాల నాయనమ్మను గూడ ఇదే దారికి తెస్తది," అన్నది అక్క.

ఆ వార్డులో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

పాపను చూడగానే డాక్టరమ్మకు అనుమానం వచ్చి శిరీషకు రక్త పరీక్ష చేయించింది. సిఫిలిస్. శిరీషకు నొప్పి లేదు, జ్వరం లేదు, కంటికి కనిపించే పుండు లేదు. కడుపులో ఉండగానే బిడ్డకు తల్లి రక్తం నుంచి సోకింది.

డాక్టరమ్మ భార్యాభర్తలను లోపలికి పిలిచింది. అక్కనూ నన్నూ పక్కనే ఉండమని శిరీష అన్నది.

"మీరు కూడా టెస్ట్ చేయించుకోవాలె," అని డాక్టరమ్మ భర్తతో అన్నది.

"నాకెందుకు మేడం? క్రాసింగుల టైంలనే నేను సూది ఏయించుకున్న గద!"

క్రాసింగ్ అంటే గద్వాల పత్తి విత్తన చేలలో పువ్వుకు పువ్వు అద్దే కాలం. అతను విత్తన కంపెనీల తరఫున రైతులతో పంట వేయించే సీడ్ ఆర్గనైజర్. అప్పటికి శిరీషకు నాలుగో నెల.

శిరీష మెల్లగా అడిగింది. "నీకెట్ల తెలిసింది?"

"నర్సు ఫోన్ జేసింది. నీ రిపోర్ట్ మంచిగ లేదన్నది. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

"నీకు సూది. నాకు పరేషాన్ వద్దు. మస్తు ప్రేమ నీది!"

మా దగ్గర ఒక అలవాటుంది. దవాఖానలో గర్భిణి పేరు రాయించేటప్పుడు భర్త నంబరే ఇస్తాం. శిరీషకు సొంత ఫోన్ ఉన్నా అదే జరిగింది. నర్సు చేసిన ప్రతి ఫోన్ అతనే ఎత్తాడు. కర్నూలులో ప్రైవేటుగా చూపించామని, సూది పడిందని చెప్పాడట. సూది పడిన మాట నిజమే. ఎవరికి పడిందో చెప్పలేదు.

ఏడో నెలలో సీమంతం చేసి వనపర్తికి తెచ్చుకున్నాం. ఇక్కడి దవాఖానలో అడిగితే టెస్టులన్నీ అత్తగారింటి దగ్గరే అయ్యాయని చెప్పాం. మాకు తెలిసింది అంతే మరి. నాలుగో నెలలోనే శిరీషకు పెనిసిలిన్ పడి, భర్త కూడా ఆమెతో పాటే చికిత్స పూర్తి చేయించుకొని ఉంటే, ఈ పాప బతికే అవకాశం చాలా ఎక్కువని డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు అతని తల్లి ఊళ్ళో చెబుతున్న మాట వినండి. "మా పిలగాడు బంగారం. ఆ పిల్లనే రోగం తెచ్చింది."

ఆదివారం పెద్దమనుషులను వెంటబెట్టుకొని పంచాయితీకి వస్తారట. రండి. డాక్టరమ్మ ముందు అతను అన్న మాట మేమంతా విన్నాం. ఆ మాటనే మళ్ళీ అతని నోటితో అందరి ముందు చెప్పిస్తాను. చెప్పేదాకా లేవనివ్వను.

ఏది ముందో ఏది వెనకో రాసుకోనిదే నేను ఏ పనీ మొదలుపెట్టనని మీకు తెలుసు. ఈసారీ వరుస వేసుకున్నాను. మొదట శిరీష చికిత్స పూర్తి కావాలి. తర్వాత పంచాయితీ. ఆ తర్వాత విడాకులు. అటుపైన నాకు తీరికే. అతను మల్దకల్‌లో చూసినా, రాయచూరులో చూసినా, రెండో సంబంధం ఎక్కడ కుదుర్చుకోబోయినా ఆ పిల్ల తండ్రి ఇంట్లో నేను ముందే కూర్చొని ఉంటాను. చాయ్ తాగి, పాప సంగతి చెప్పి వస్తాను. ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం ఇదే నా పని.

అతని పేరు ఇక్కడ రాయలేదు. శిరీషే వద్దన్నది.

"నా పేరు రాయి మామా, నేనేం తప్పు జేయలే. వానిది రాయకు. ఎవడు, ఎవడని అందరు అడగాలె. అడిగినప్పుడల్లా వాడు ఉలిక్కిపడాలె."

ఆడపిల్లలున్న మిత్రులకు ఒక మాట. నర్సుకు ఆమె సొంత నంబర్ ఇప్పించండి. రిపోర్ట్ ఆమెకే చెప్పమనండి. పుట్టింటికి తెచ్చుకున్నాక మళ్ళీ టెస్ట్ అడగండి. రోగం తేలితే చికిత్స ఇద్దరికీ జరగాలి, ఒక్కరు చాటుగా చేయించుకుంటే కాదు.

పాపా, నిన్ను పెట్టిన చోట రాళ్ళన్నీ నేనే ఏరాను. అంతా మెత్తటి మట్టి. ఊపిరి కోసం ఇక నువ్వు కొట్లాడనక్కర్లేదు. మిగిలిన కొట్లాట మాది.

హాయిగా పడుకో తల్లీ. నీకు శాంతి దొరకాలి.

నీ తండ్రికి దొరకనివ్వం.