తేట నీళ్లు

తోడిన నీళ్లతోనే సీసాలు కడిగి, కొంగుతో మెడ తుడుచుకుని, ఆ తర్వాతే గ్లోరీ పని మొదలుపెడుతుంది. కిడ్నీలు పాడై మనుషులు రాలిపోతున్న ఉద్దానం ఊళ్లలో బావినీళ్లు పట్టి పట్నం ల్యాబుకు చేర్చడం ఆమె ఉద్యోగం. ఆకులూ పేడా కుళ్లి నీళ్లలో కరిగిన సారాన్నీ, లోహాలనూ అక్కడ విడదీసి చూస్తారు. ఆ ఫలితాలు ఎవరి బల్ల మీద ఆగిపోతాయో గాని ఊరికి మాత్రం తిరిగిరావు. ఆమె తాగే నీళ్లు వేరే సీసాలో పలాస నుంచి వస్తాయి. కొబ్బరిచెట్టు చాటుకు వెళ్లి రెండు గుక్కలు తాగి, గబుక్కున మూత బిగించేస్తుంది.

మొన్న పారమ్మ ఇంటి బావి దగ్గర గ్లోరీ వడపోత కాగితంలోంచి నీళ్లు వడపోస్తుంటే, ఎర్రమట్టి నీళ్లు గాజుకూజాలోకి అద్దంలా దిగాయి. పారమ్మ భర్త డయాలసిస్ మీద బతుకుతున్నాడు.

“ఓలమ్మా, ఎంత తేటగున్నాయి! మా ఆయనకి పడతాను” అంటూ పారమ్మ గ్లాసులోకి వంపుకుని లోపలికి నడిచింది. గ్లోరీ పరుగున వెళ్లి గ్లాసు లాక్కుని నేల మీద పారబోసింది.

“వద్దత్తా! ఈ కాయితం మట్టినే ఆపతాది. కరిగిపోయిందంతా కిందకి దిగిపోతాది.”

“అయితే ఏటున్నాదే అందులో?”

“రిపోర్టు రావాలత్తా.”

“పోయినేడూ నువ్వే పట్టుకెళ్లావు గదే! అందాకా మమ్మల్నేటి తాగమంటావు? ఆ సెట్టు సాటుకెళ్లి నువ్వు తాగతన్నదేటి?”

గ్లోరీ సంచిలోంచి తన సీసా తీసి పారమ్మ చేతిలో పెట్టింది. మంచం మీది మనిషి ఉన్న కాసినీ తాగి కళ్లు మూసుకున్నాడు. పారమ్మ ఖాళీ సీసా తిరిగిచ్చేసి, వంటకు నీళ్లు కావాలి గనక, బావిలోకి చేద వేసింది.