తిప్పమ్మవ్వ చేత వేయించిన ముద్ర

కొన్నేళ్లుగా ఒక ముసలామె బొటనవేలు నా గుండె మీద ఒత్తుకుని ఉంది. తీయమని ఎవరిని అడగాలో తెలియదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే, అసలు పేరెందుకు మార్చుకున్నావని మొదలుపెడతారు. దానికి జవాబు ముందే ఇచ్చేస్తాను. నా ఇష్టం. పేరు మార్చుకున్నందుకు నాకు ఆవగింజంత బాధ లేదు, ఉండబోదు కూడా. నా తప్పు వేరే ఉంది.

నా పాత పేరు తిప్పమ్మ. కొత్తది చెప్పను. పాతది చెప్పినా మీరు నన్ను పట్టుకోలేరు, సోమందేపల్లి చుట్టుపక్కల ఊరికి నలుగురు తిప్పమ్మలుంటారు. నాకు ముందు పుట్టిన పిల్లలు పురిట్లోనే పోయారు. అందుకని నేను పుట్టగానే చేటలో వేసి తిప్ప మీద, అంటే పెంటకుప్ప మీద, పెట్టి వచ్చారు. పారేసిన బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం. పక్కింటి తిప్పమ్మవ్వ చేటెడు తవుడిచ్చి నన్ను కొనుక్కుంది. తన పేరే నాకు పెట్టి, “పేరు నాది, పిల్ల మీది” అని తెచ్చి మా అమ్మ ఒళ్లో పడుకోబెట్టింది. నేను బతికాను. ఆ గొప్ప తవుడుదో, తిప్పదో, నా మొండితనానిదో తేల్చలేను.

బతికించారు సరే. ఆ పేరుతో బతకాల్సింది నేను కదా? బళ్లో హాజరు పిలిస్తే వెనక బెంచీ వాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. హిందూపురంలో ఉద్యోగంలో చేరాక మేనేజరు నవ్వుతూనే, “కస్టమర్లకు వేరే ఏదన్నా పేరు చెప్పుకోమ్మా” అన్నాడు. ఒళ్లు మండిపోయింది. దొంగపేరు నాకెందుకు? సర్కారు ముద్రతోనే మార్చుకుంటాననుకున్నాను.

పెనుకొండలో ఒక వకీలును కలిశాను. స్టాంపు పేపరు మీద అఫిడవిట్టు, దానికి నోటరీ, రెండు దినపత్రికల్లో ప్రకటన, చలానా కట్టి గెజిట్టుకు దరఖాస్తు, గెజిట్టు వచ్చాక ఆధార్, పాన్, బ్యాంకు. ఆయన చెబుతూ ఉంటే, మళ్లీ పుట్టడమే సులువేమో అనిపించింది. నా నెల జీతం ఊడ్చుకుపోయింది. పోనీ! చీటీలు పాడి మెళ్లో గొలుసు వేసుకునేవాళ్లను ఎవరూ అడగరు, పేరు కొనుక్కుంటే మాత్రం అందరికీ కడుపునొప్పి.

చిన్నప్పటి నుంచి నన్నెరిగిన పెద్దవాళ్లు ఎవరైనా సాక్షిగా ఉంటే మంచిదన్నాడు వకీలు. నాయన సంతకం పెట్టనన్నాడు. “అది కొన్న పేరు. ఆమె వదిలితేనే వదలాల. నడమ నేనెవురు?” అన్నాడు. ఆ మాట చెబితే వకీలు నవ్వాడు. “అట్లయితే ఆమెతోనే ముద్ర వేయించు. ఇది పెట్టిన పేరు కాదు, బళ్లో పొరపాటున ఎక్కిందని రాస్తా” అన్నాడు.

అవ్వను అడగవచ్చు కదా? ఎందుకు అడగలేదు? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతున్నది ఇదే. ఏమని అడగాలి? “అవ్వా, నీ పేరు నాకు నామోషీగా ఉంది” అనా, పుట్టినప్పటి నుంచి ఆ పేరుతోనే తలెత్తుకు తిరిగిన మనిషితో? ఆ మాట అనకపోవడమే ఆమెకు నేనిచ్చే మర్యాద అని సర్దిచెప్పుకున్నాను. శుద్ధ అబద్ధం. వద్దంటుందేమోనని భయం, అంతే. అప్పట్లో ఆమె వితంతు పింఛను కోసం అగచాట్లు పడుతోంది. పింఛను కాగితమని చెప్పి బస్సెక్కించాను.

నోటరీ బల్ల ముందు అవ్వ వకీలును అడిగింది.

“ఏమప్పా, దీంట్లో నా పేరు సరిగ్గా రాసినారా?”

“రాసినామవ్వా. తిప్పమ్మ అనే ఉండాది.”

“ఈ పిల్లది గూడా నా పేరే. చేటెడు తవుడిచ్చి కొనుక్కుంటి దీన్ని” అని పకపకా నవ్వింది.

వకీలు నా మొహం చూశాడు. “తొందరగా కానీండి సార్, బస్సు పోతుంది” అన్నాను. అవ్వ బొటనవేలు గట్టిగా ఒత్తి, సిరా తలకు తుడుచుకుంది. ఆ పేరు నాకెవరూ పెట్టలేదని, పెట్టిన మనిషే ముద్ర వేసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో నాకు బొరుగులు కొనిపెట్టింది.

కొన్నాళ్లకు పింఛను నిజంగానే వచ్చింది. తెచ్చింది ఆమె అల్లుడు నారాయణప్ప. వయసుకు రుజువు లేదని తిప్పి పంపినప్పుడల్లా కూలి మానుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది అతనే. తాగుతాడని అవ్వకు అతనంటే గిట్టదు. నేను ఊరికి పోయిన రోజు, అవ్వ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, వీధంతా వినబడేలా, “నా పింఛను తెచ్చింది నా తిప్పమ్మ” అంది.

“తిరిగింది నేను గదత్తా” అన్నాడు నారాయణప్ప.

“నువ్వా? నీ మొగానికి ఆఫీసులో కుర్చీ గూడా ఎయ్యరు. నోరు మూసుకో!”

అతను నా వైపు చూశాడు, నువ్వన్నా చెప్పమన్నట్టు. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే, మరి పెనుకొండలో ముద్ర దేనికే అని అడుగుతుంది. నేను మజ్జిగ తాగాను. ఆ తర్వాత పింఛను చేతికొచ్చిన ప్రతిసారీ అవ్వ నన్ను దీవించింది, అతన్ని తిట్టింది.

ఊళ్లోవాళ్లకు నేనింకా తిప్పమ్మనే. నాయన నోరు విప్పలేదు. అవ్వకు ఎప్పటికీ తెలియకుండానే పోయేదేమో. కానీ ధర్మవరంలో, మగ్గం నేసే ఇంటికి కోడలుగా పోయిన నారాయణప్ప కూతురికి ఆడబిడ్డ పుట్టింది. అవ్వ అక్కడికి పోయి, పింఛను తెచ్చిన పిల్ల పేరే, అంటే నా పేరే, పాపకు పెట్టాలని కూర్చుంది. నా కొత్త పేరు ఫోన్లో చూసి తెలుసుకున్న ఆ బాలింత నాకు ఫోన్ చేసి ఏడ్చింది. “నువ్వయితే మార్చుకుంటివి గదక్కా! నా బిడ్డకెందుకు ఆ పేరు? నువ్వే చెప్పు అవ్వకు.”

పోయాను. ముందుగదిలో మగ్గం ఆడుతోంది. లోపల అవ్వ పక్కన కూర్చుని అంతా చెప్పాను. పేరు మార్చుకున్నానని, ఆ ముద్ర దానికేనని, పింఛనుకు కాదని. కాళ్లు పట్టుకోలేదు. “ఆ పేరుతో నేను పడిన పాట్లు నీకు తెలీవవ్వా” అని గొంతు పెంచాను కూడా. తిడుతుందని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది.

అవ్వ ఒకటే అడిగింది.

“మల్ల పింఛను యెవురు తెచ్చింది?”

“నారాయణప్ప మామే.”

నారాయణప్ప పోయి ఏడాది దాటింది. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

“వాడు చెప్తానే ఉండె” అంది అవ్వ. “సచ్చేదాకా చెప్తానే ఉండె.”

మనవరాలిని పిలిచి, బిడ్డకు మీకిష్టమైన పేరు పెట్టుకోండని చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను బయల్దేరేదాకా ఇటు తిరగలేదు.

ఆమె నన్ను క్షమించలేదు. మిమ్మల్నీ అడగను. పేరు విషయంలో ఈ రోజుకీ ఎవరికీ తలవంచను. మళ్లీ పుట్టి మళ్లీ ఆ పేరే పెడితే మళ్లీ మార్చుకుంటాను, ఈసారి అవ్వను అడిగి. వద్దంటే పోట్లాడి. కానీ నా పేరు కోసం గెజిట్టు దాకా పోయిన దాన్ని, అతను బతికున్నప్పుడు అతని పేరు ఒక్కసారి పలకలేకపోయాను. ఇప్పుడు పలుకుతున్నాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. పింఛను తెచ్చింది నారాయణప్ప. నేను కాదు.